పార్సిల్ వచ్చే వేళకు ఇంట్లో ఎవరూ లేకపోతే

పాఠకుల ప్రశ్నలు - అక్కయ్య జవాబులు
తపాలా శాఖలో 34 ఏళ్లు పనిచేసి రిటైరై, నల్లగొండలో ఉంటున్న మా అక్కయ్య ఈ వారం పార్సిళ్ల మీద వచ్చిన ప్రశ్నలకు జవాబులిస్తున్నారు.

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది మహబూబ్‌నగర్, ఏనుగొండ. నేను జడ్చర్లలో ఒక బ్యాంకులో క్లర్కును. మా ఆయన పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలో షిఫ్టుల మీద పనిచేస్తాడు. పొద్దున ఎనిమిదింటికి బయల్దేరితే నేను తిరిగొచ్చేసరికి రాత్రి ఏడు. మూడేళ్ల మా పాప పగలంతా మెట్టుగడ్డలో మా ఆడపడుచు ఇంట్లో ఉంటుంది. పోయిన నెల మిక్సీ తెప్పిస్తే గేటు మీది నుంచి లోపలికి వేసి ‘డెలివర్డ్’ అని మెసేజ్ పెట్టారు. జారు సొట్టపడింది. ఇప్పుడు రెండు విలువైనవి రావాలి. ఒకటి 32 వేల ఫోను. రెండోది మా అమ్మ కమ్మలు, అర తులం ఉంటాయి. అమ్మ పోయి ఏడాదైంది. అవి భివండిలో మా అన్న దగ్గర ఉన్నాయి. వచ్చే నెల పాపకు చెవులు కుట్టిస్తున్నాం, ఆ రోజుకు అమ్మ కమ్మలు ఇంట్లో ఉండాలని నా కోరిక. అన్నకు సెలవు దొరకదు, కొరియర్‌లో వేస్తానంటున్నాడు. బ్యాంకుకు సొంత పార్సిళ్లు తెప్పించుకోవద్దని మా మేనేజర్ చెప్పారు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు తీసుకోరు. నంబరు తాళం ఉన్న పెట్టె గేటుకు పెట్టించుకోమని ఒకరు, కెమెరా పెట్టించుకోమని ఒకరు అంటున్నారు. ఆడపడుచుకు చెప్పాలంటే మొహమాటం. ఏం చేయాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక చెల్లెలు, మహబూబ్‌నగర్

జవాబు: చెల్లే, ముందు కమ్మల సంగతి చూద్దాం. ఫోను పోతే కొట్లాడి డబ్బులు రాబట్టుకోవచ్చు. అమ్మ చెవులకు పెట్టుకున్న కమ్మలు పోతే ఏ కంసాలీ మళ్లీ చేసివ్వలేడు. అందుకని రెండింటినీ ఒకే దారిన తెప్పించుకోవద్దు.

కొరియర్‌లో వేయొద్దని అన్నకు ఈ రోజే ఫోన్ చేసి చెప్పు. నగలు, నగదు తీసుకోబోమని చాలా కొరియర్ల రసీదు వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. అందుకని లోపల ‘బట్టలు’ అని రాయించి పంపేవాళ్లున్నారు. వస్తువు పోయిన రోజు ఆ రాతే మనకు అడ్డం పడుతుంది, కాగితం ప్రకారం పోయినవి బట్టలే కదా. పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో, బీమా చేయించి పంపమను. బీమా లేకుండా స్పీడ్ పోస్టులో వస్తువు పోతే ఇచ్చేది, కట్టిన చార్జీకి రెట్టింపు లేదా 1000 రూపాయలు, వీటిలో ఏది తక్కువైతే అది. అర తులం బంగారానికి అది ఏ మూలకు? పంపే ముందు కమ్మలు తూకం వేయించి, విలువ కట్టించి, ఆ కాగితం అన్న దగ్గరే ఉంచుకోమను. నాలుగు రూపాయలు మిగులుతాయని విలువ తగ్గించి రాయించొద్దు.

మా కాలంలో ఇలాంటివి రిజిస్టర్డ్ పోస్టులో పంపేవాళ్లు. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఆ భద్రత మాత్రం పోలేదు. స్పీడ్ పోస్టు చార్జీ మీద ఇంకో 5 రూపాయలు, దాని మీద జీఎస్టీ కడితే రిజిస్ట్రేషన్ వేస్తారు. అప్పుడు కవరును చిరునామాలో ఉన్న మనిషికి గానీ, ఆ మనిషి రాసిచ్చిన వాళ్లకు గానీ తప్ప ఇవ్వరు. మరో 5 రూపాయలు, జీఎస్టీ కడితే ఓటీపీ చెప్పిన తర్వాతే ఇస్తారు. ఈ రెండూ కావాలని అన్న కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగాలి. కమ్మలను చిన్న గట్టి డబ్బాలో పెట్టి, కదిలినా చప్పుడు రాకుండా దూది కూరమను. 34 ఏళ్లలో ఎన్ని కవర్లు చేతుల్లో పట్టుకున్నానో లెక్క లేదు. గలగలమనే కవరు లోపల ఏముందో దాన్ని పట్టుకున్న ప్రతి చేతికీ తెలిసిపోతుంది.

పిన్‌కోడ్ నువ్వే రాసి పంపు. మహబూబ్‌నగర్ హెడ్ పోస్టాఫీసుది 509001, జడ్చర్లది 509301. ఒక్క అంకె తేడా. చెల్లెలు జడ్చర్లలో పనిచేస్తుందన్న గుర్తుతో అన్న అది రాశాడంటే కవరు రెండు రోజులు అటూ ఇటూ తిరుగుతుంది. కవరు మీద నీ ఫోన్ నంబరు కూడా ఉండాలి.

ఇక తీసుకోవడం. ఇది ఇంటికి రానవసరమే లేదు. మీ వీధికి ఏ పోస్టాఫీసు నుంచి పోస్ట్‌మ్యాన్ వస్తాడో కనుక్కుని, అక్కడి పోస్టుమాస్టర్ గారికి ఒక తెల్ల కాగితం మీద రాసివ్వు. ‘నా పేరున ఫలానా నంబరు స్పీడ్ పోస్టు వస్తోంది, పగలు ఇంట్లో ఎవరం ఉండం, ఆఫీసులోనే ఉంచండి, నేనే వచ్చి తీసుకుంటాను’ అని రాసి, ఆధార్ జిరాక్సు జత చెయ్. నేను మిర్యాలగూడలో కౌంటర్ మీద ఉన్నప్పుడు డ్యూటీకి పోయే నర్సులు, టీచర్లు ఇలాగే రాసిచ్చేవాళ్లు. వాళ్ల కవర్లు బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం. సాధారణంగా ఏడు రోజులు ఉంచుతారు, ఆ తర్వాత పంపినవాళ్లకు తిప్పి పంపుతారు. ఏడు రోజులూ నీకు ఉద్యోగమే కదా అంటావేమో. నీకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, పోస్టాఫీసులకు ఆ సెలవు లేదు. ఆ వారం మొదట్లో చేరేలా అన్నను పంపమను, శనివారం పొద్దున్నే వెళ్లి తెచ్చుకో. ఈలోపు మీ ఆయనకు మధ్యాహ్నం షిఫ్టు పడితే, నీ సంతకంతో అధికార పత్రం, ఇద్దరి గుర్తింపు కార్డులు పట్టుకుని ఆయన కూడా వెళ్లవచ్చు.

కౌంటర్ దగ్గర ఒక పని మరిచిపోవద్దు. స్పీడ్ పోస్టు రసీదు మీద కవరు బరువు గ్రాములతో సహా ఉంటుంది. అన్న దగ్గర నుంచి ఆ రసీదు ఫొటో వాట్సాప్‌లో తెప్పించుకో. సంతకం పెట్టే ముందు ‘ఒకసారి తూకం వేయండి సార్’ అని అడుగు. బరువు తగ్గినా, అంచు మళ్లీ అతికించినట్టు కనిపించినా సంతకం పెట్టకు. పోస్టుమాస్టర్ ముందే తెరిచి చూసి, కాగితం రాయించు. సంతకం పెట్టి ఇంటికి తెచ్చుకున్నాక అదే మాట చెబితే బలం తగ్గిపోతుంది.

ఫోను విషయానికి వస్తే, చెల్లే, జవాబు నీ ఉత్తరంలోనే ఉంది. మూడేళ్ల పాపను పగలంతా ఏ ఇంట్లో వదిలిపోతున్నావో ఆ ఇంటి చిరునామా రాయి. పాపను నమ్మి అప్పగించిన చోట ఫోను పార్సిల్‌కు మొహమాటం ఎందుకు? కాకపోతే ఆమెను ముందుగా అడుగు. ఏ రోజు వస్తుందో, ఏ పేరు మీద వస్తుందో చెప్పు. డబ్బు ముందే కట్టేయి, ఆమె చేతి నుంచి పైసా పెట్టనివ్వకు. ఓటీపీ నీ ఫోన్‌కే వస్తుంది. డబ్బా చేతికి వచ్చిందని వదిన తన నోటితో చెప్పిన తర్వాతే డెలివరీ అబ్బాయికి ఓటీపీ చెప్పు. ‘మేడం, వీధి చివర ఉన్నా, ముందే చెప్పేయండి’ అని వాళ్లు తొందరపెడతారు. ఎండలో తిరిగే పిల్లలు, వాళ్ల తొందర నాకు అర్థమవుతుంది. మర్యాదగానే, ‘వదిన చేతిలో పెట్టు నాయనా, వెంటనే చెబుతా’ అను.

ఫ్లిప్‌కార్ట్, అమెజాన్‌లలో ఖరీదైన కొన్ని వస్తువులకు ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటుంది. తెచ్చిన మనిషే మన ముందు డబ్బా తెరిచి చూపిస్తాడు, అన్నీ సరిగ్గా ఉంటేనే ఓటీపీ చెబుతాం. నువ్వు కొనే ఫోనుకు అది ఉంటే తప్పకుండా అదే తీసుకో. లేకపోతే రాత్రి నువ్వు వెళ్లి తెరిచేటప్పుడు, పైన అతికించిన చీటీ దగ్గర మొదలుపెట్టి ఫోను బయటికి తీసేదాకా మధ్యలో ఆపకుండా వీడియో తీయి. ఫోనులో *#06# నొక్కితే ఐఎంఈఐ నంబరు, అంటే ఆ ఫోనుకు మాత్రమే ఉండే గుర్తింపు నంబరు వస్తుంది. అది డబ్బా మీద ఉన్న నంబరు, బిల్లు మీద ఉన్న నంబరు ఒకటేనా చూడు.

గేటు పెట్టె గురించి అడిగావు. చీరలకు, పుస్తకాలకు పనికొస్తుంది, పెట్టించుకో. విలువైన వాటికి వద్దు. పెట్టెలో వేసిన క్షణం నుంచి అది అందినట్టే లెక్క, అందుకున్న మనిషి మాత్రం ఉండడు. కెమెరా ఎవరు తీశారో చూపిస్తుంది గానీ తీయకుండా ఆపదు.

ఫోన్‌లో అనే ఒక మాట గురించి కూడా చెప్పాలి. నాలుగేళ్ల కిందట మా అమ్మకు చెవి మిషన్ తెప్పించాను, 38 వేలు. నేను అప్పుడు ఉద్యోగంలోనే ఉన్నాను. కౌంటర్ ముందు జనం బారులు తీరి ఉన్నారు. డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి, ‘మేడం, తాళం ఉంది, ఏం చేయమంటారు?’ అన్నాడు. ‘తులసికోట వెనక పెట్టి పో బాబూ’ అన్నాను. సాయంత్రం వెళ్లేసరికి కోతులు డబ్బా చించేసి ఉన్నాయి. ఒక చెవిది సన్‌షేడ్ మీద దొరికింది. రెండోది దొరకలేదు. కంపెనీకి రాస్తే, కస్టమర్ పెట్టమన్న చోటే పెట్టామని జవాబిచ్చారు. ఆ మాట నేను అన్నదే, ఎలా కాదంటాను? మళ్లీ డబ్బు కూడే దాకా మూడు నెలలు మా అమ్మ టీవీ ముందు కూర్చుని బొమ్మలు చూసేది, మాటలు సరిగా వినపడేవి కావు. ఆ మూడు నెలలు నేను మరిచిపోలేదు. అందుకే ‘అక్కడ పెట్టి పో’ అనే మాట విలువైన పార్సిల్ విషయంలో ఎప్పుడూ అనొద్దు. ‘ఈ రోజు ఎవరూ లేరు, రేపు తీసుకురా’ అను. ఒక రోజు ఆలస్యమైతే ఏమీ కాదు.

చేతికి రాకుండానే ‘డెలివర్డ్’ అని మెసేజ్ వస్తే ఆ రోజే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టు, ఫోన్‌లో చెప్పి ఊరుకోకు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపు పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయి. అక్కడా తేలకపోతే మీ మహబూబ్‌నగర్‌లోనే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, నువ్వు ఉంటున్న చోటే కేసు వేయవచ్చు, వస్తువుకు కట్టిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు. తపాలా సంగతైతే 1800 266 6868.

అన్న కవరు పంపిన వారంలో ‘మీ చిరునామా సరిగా లేదు, ఈ లింకు నొక్కి రూ.5 కట్టండి’ అని మెసేజ్ రావచ్చు. పార్సిల్ కోసం ఎదురుచూసే మనిషి వెంటనే నొక్కేస్తుంది, అది పంపేవాళ్లకు కావలసింది అదే. తపాలా శాఖ అలా లింకులు పంపి డబ్బు అడగదు. నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాప చెవులు కుట్టించిన రోజు, వీలైతే రెండు ముక్కలు రాయి చెల్లే.

ప్రశ్న: అక్కా, మా తమ్ముడి పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో ఇంటికి రావాలి. వాడు హైదరాబాద్ హాస్టల్‌లో ఉన్నాడు. నేను పొద్దంతా రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను. ఇంట్లో ఉండే మా అమ్మ తీసుకోవచ్చా?
- మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, పాస్‌పోర్టును దరఖాస్తు చేసిన మనిషి చేతికే ఇవ్వాలి. అమ్మకు ఇవ్వలేదని పోస్ట్‌మ్యాన్ మీద కోపం తెచ్చుకోవద్దు, ఆయన సరైన పనే చేస్తున్నాడు. పంపినట్టు మెసేజ్ రాగానే నంబరుతో ట్రాక్ చేస్తూ ఉండు. మిర్యాలగూడ పోస్టాఫీసుకు చేరిందని కనిపించిన రోజే తమ్ముడిని బస్సెక్కమను. ఆధార్ పట్టుకుని పోస్టాఫీసుకే వెళ్లి తీసుకోవాలి. గడువులోగా ఎవరూ తీసుకోకపోతే అది పాస్‌పోర్టు ఆఫీసుకు తిరిగి వెళ్లిపోతుంది, మళ్లీ అక్కడి నుంచి తెప్పించుకోవడం పెద్ద పని.

ప్రశ్న: మా నాన్నకు 71 ఏళ్లు. మేము పనికి వెళ్లినప్పుడు ఎవరో వచ్చి మీ కొడుకు ఆర్డర్ పెట్టాడని చెప్పి 1,450 రూపాయలు తీసుకుని ఒక డబ్బా ఇచ్చి వెళ్లారు. మేమెవరం ఆర్డర్ పెట్టలేదు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?
- దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు నాన్నను ఏమీ అనకండి. కొడుకు వస్తువు వెనక్కి పోకూడదనే ఆయన డబ్బు ఇచ్చారు. ఇక మీదట మీ ఇంట్లో డబ్బు ముందే కట్టిన పార్సిళ్లు తప్ప తెప్పించుకోమని నిర్ణయించుకోండి. అప్పుడు నాన్న గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే. గుమ్మంలో ఎవరు డబ్బు అడిగినా ‘మా వాడికి ఫోన్ చేస్తా, ఉండు’ అనాలి. మీ నంబరు పెద్ద అంకెలతో రాసి తలుపు పక్కన అతికించండి. డబ్బా మీద చీటీ ఉంటే చించేయకుండా దాని ఫొటో, ఆ రోజు తేదీతో 1915కు ఫిర్యాదు ఇవ్వండి.