గేట్లు మూసిన రోజు కృష్ణ

ప్రశ్న: మాది భవానీపురం. కృష్ణా నది మీది ప్రకాశం బ్యారేజీ గేట్లన్నీ ఎత్తిన వరద రోజులు, 2016 పుష్కరాలు తప్ప నాకేమీ గుర్తుండట్లేదు. మామూలు రోజులు చప్పగా గడుస్తున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, పుష్కరాలు పన్నెండేళ్లకోసారి. మళ్లీ 2028లోనే. అప్పటిదాకా కృష్ణను చూడకుండా ఉంటామా? ఇరవై ఏళ్లుగా నేను పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద నడుస్తున్నాను. 1957 నాటి ఆ బ్యారేజీకి 70 గేట్లు. అవి మూసి ఉన్నప్పుడే నీళ్లు నిలబడి, కాలువల్లోకి మళ్లి, డెల్టా పొలాలకు చేరతాయి. మీకు చప్పగా అనిపించే రోజుల్లోనే అసలు పని జరుగుతోంది!

ఇక నీటికాకి. అది మునిగి ఎక్కడ తేలుతుందో చూస్తూ నిలబడితే నాకు టైమే తెలియదు. తర్వాత రెక్కలు విప్పి ఎండకు ఆరబెట్టుకుంటుంది. ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

రోజూ కనిపించేదాన్ని మనసు పట్టించుకోవడం మానేస్తుంది. అందరికీ అంతే, టెన్షన్ పడకండి. రేపు ఫోన్ ఇంట్లో పెట్టి, సీతానగరం వైపు దాకా నడవండి. ఒక్క నీటికాకిని ఎంచుకోండి. మునిగాక ఎన్ని అంకెలు లెక్కపెట్టేసరికి తేలిందో నాకు రాయండి.