3,000 పదాలు బట్టీ పట్టినా ఇంగ్లిష్‌లో మార్కులు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. బీకాం దాకా తెలుగు మీడియమే. ఏడాదిగా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు జరిగే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కీ, బ్యాంకు పరీక్షలకీ చదువుతున్నాను. లెక్కలు, రీజనింగ్ బాగానే చేస్తాను. ఇంగ్లిష్‌లో మాత్రం 25 ప్రశ్నలకు 11 దాటడం లేదు. కోచింగ్‌లో ఇచ్చిన 3,000 సినానిమ్స్ (సమానార్థకాలు) పీడీఎఫ్‌ను రెండుసార్లు బట్టీ పట్టాను. అయినా పరీక్షలో తెలిసిన పదాల దగ్గరే తప్పు పోతోంది. మొన్నటి మాక్ టెస్టులో తప్పుపోయిన మూడు ప్రశ్నలు రాసి పంపుతున్నాను. ఇంగ్లిష్ మనకు అచ్చిరాదు, అవి వదిలేసి గ్రూప్స్ చదువుకో అంటున్నారు నాన్న. వదిలేయమంటారా?

జవాబు: వదిలేయొద్దు. మీరు పంపిన ఆ మూడు ప్రశ్నలూ రెండుసార్లు చూశాను. మీకు ఇంగ్లిష్ రాకపోవడం వల్ల పోయిన మార్కులు కావవి.

మొదటిది, 'ద కోర్ట్ టుక్ ఎ గ్రేవ్ వ్యూ ఆఫ్ ద లాప్స్'. గ్రేవ్‌కు సమానార్థకం అడిగితే మీరు 'టూంబ్' పెట్టారు. పీడీఎఫ్‌లో గ్రేవ్ పక్కన సమాధి అని ఉండి ఉంటుంది. కానీ ఇక్కడ ఆ మాట 'వ్యూ' ముందు ఉంది. జరిగిన లోపాన్ని కోర్టు తీవ్రంగా పరిగణించిందని వాక్యం చెబుతోంది, కాబట్టి జవాబు 'సీరియస్'. రెండోది, 'ఎ నావెల్ వే టు సేవ్ వాటర్'. నావెల్ అనగానే 'స్టోరీ' పెట్టారు. నీళ్లు పొదుపు చేయడానికి ఒక కొత్త పద్ధతి అని దాని భావం. మన 'నవల' అన్న మాటలోనూ 'నవ' ఉంది చూడండి. మూడోది 'స్టిఫ్ ఆపొజిషన్'. స్టిఫ్ అంటే బిర్రుగా ఉండేది అని గుర్తుంచుకుని 'రిజిడ్' పెట్టారు. వ్యతిరేకత బిర్రుగా ఉండదు, గట్టిగా ఉంటుంది. అక్కడ 'స్ట్రాంగ్' కావాలి.

మూడు పదాలూ మీకు తెలిసినవే. ప్రతి పదానికీ ఒకే అర్థం ఉంటుందని ఆ పీడీఎఫ్ మీకు అలవాటు చేసింది. ఎడమవైపు ఒక పదం, కుడివైపు ఒక పదం, మధ్యలో ఈక్వల్ టు గుర్తు. భాష అలా ఉండదని మీకు తెలుసు. ఇంట్లో తెలుగు మాట్లాడేటప్పుడు మీరెప్పుడూ అలా అనుకోలేదు.

మీ జిల్లాలో బోరు గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. పొలంలో బోరు వేయించాం అంటాం, సినిమా బోరు కొట్టింది అంటాం. 'వేయించాం', 'కొట్టింది' అన్న మాటలు పక్కన ఉండగా ఎవరికీ అనుమానం రాదు. ఈ రెండూ ఇంగ్లిష్ నుంచి వచ్చినవే. అక్కడ ఇంకొక బోర్ కూడా ఉంది. అది బేర్ అనే క్రియకు భూతకాలం. 'షీ బోర్ ద పెయిన్' అంటే నొప్పి ఓర్చుకుంది, 'ద ట్రీ బోర్ ఫ్రూట్' అంటే చెట్టు కాపు కాసింది. పరీక్షలో బోర్ కనబడితే దాని పక్కన నొప్పి ఉందా, చెట్టు ఉందా, ఉపన్యాసం ఉందా అని చూడాలి. కరెంటు కూడా ఇంతే. కరెంటు పోయింది, కరెంట్ అఫైర్స్, కరెంట్ అకౌంట్, ఏటి వడిలో ఉండే కరెంట్, అన్నింటికీ ఒకటే స్పెల్లింగ్.

ఇప్పుడు 'పెట్టు' అనే మన మాట తీసుకోండి. అన్నం పెడతాం, పేరు పెడతాం, ముగ్గు పెడతాం, సంతకం పెడతాం, ఆవకాయ పెడతాం, బంగారం తాకట్టు పెడతాం, దొంగమీద కేసు పెడతాం. ఇవన్నీ మీరు ఏ పట్టికలోనూ చదవలేదు. అన్నంతో కలిపి, ముగ్గుతో కలిపి విన్నారు కాబట్టి వచ్చేశాయి. ఇంగ్లిష్‌లో ఇలాంటి మాట 'సెట్'. 1989లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో దీనికి 430 అర్థాలు ఇచ్చారు. ఆ సంఖ్య చూసి బెదిరిపోకండి. సెట్ ఎ డేట్ అంటే ముహూర్తం పెట్టడం, సెట్ ఫైర్ అంటే నిప్పు పెట్టడం, సెట్ కండిషన్స్ అంటే షరతులు పెట్టడం. సగం దూరం మన 'పెట్టు' దాన్ని మోసుకొస్తుంది. ఆ తర్వాత దారులు వేరవుతాయి. పొద్దు గూకినా సెట్టే, పెరుగు తోడుకున్నా సెట్టే, సిమెంటు గట్టిపడినా సెట్టే. ఈ మూడింటినీ 'పెట్టు'తో పట్టుకోలేరు. అక్కడ పొద్దు, పెరుగు, సిమెంటు అన్న మాటలతో కలిపి నేర్చుకోవాల్సిందే.

అందుకే విద్యార్థులకు నేనొక మాట పదే పదే చెబుతాను. కష్టంగా కనిపించే పదాలు నిజానికి సులువు. గరులస్ అంటే వసపిట్టలా వాగే మనిషి, అక్కడితో దాని కథ అయిపోయింది. ఒకసారి గుర్తుంటే ఆ మార్కు మీదే. పాత పేపర్లలో వచ్చిన ఇలాంటి పదాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి కాబట్టి మీరు పీడీఎఫ్ మీద పెట్టిన శ్రమ వృథా కాలేదు. చిక్కంతా ఫెయిర్, సౌండ్, ఇష్యూ, ఫైన్, మినిట్, అడ్రస్ లాంటి ఆరో తరగతి పదాల దగ్గర. ఇవి మనకు వచ్చు అనుకుని పుస్తకంలో దాటేస్తాం, పరీక్షలో పడిపోతాం.

మీరు కామర్స్ చదివారు కనుక ఒక మేలు ఉంది. ఈ పదాలకు రెండో ముఖం మీకు ముందే తెలుసు. ఇంటరెస్ట్ అంటే ఆసక్తి అని మిగతావాళ్లు బట్టీ పడతారు, మీకు వడ్డీ కూడా తెలుసు. ప్రిన్సిపల్ అంటే అసలు. ఆ 'అసలు' చూడండి ఎన్ని పనులు చేస్తుందో: అసలు, వడ్డీ కలిపి కట్టాడు, అసలు సంగతి ఇదీ, వాడు అసలు రానేలేదు. అప్రీషియేట్ అంటే మెచ్చుకోవడం, భూమి ధర పెరిగినా అప్రీషియేటే, డిప్రీసియేషన్‌కు వ్యతిరేకమని మీరు లెక్కల్లో రాసే ఉంటారు. అవుట్‌స్టాండింగ్ విద్యార్థి అంటే మెరిక, అవుట్‌స్టాండింగ్ బ్యాలెన్స్ అంటే కట్టాల్సిన బాకీ. చెక్కును ఆనర్ చేయడమంటే దానికి డబ్బు చెల్లించడం, సన్మానం కాదు. స్టేల్ బ్రెడ్ అంటే పాతబడి ఎండిపోయిన రొట్టె, స్టేల్ చెక్ అంటే గడువు దాటిన చెక్కు. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2012 ఏప్రిల్ 1 నుంచి ఆ గడువు 3 నెలలు. శాంక్షన్ మరీ విచిత్రమైనది. లోన్ శాంక్షన్ అయిందంటే ఊళ్లో అందరికీ అర్థమవుతుంది, మంజూరైందని. అదే మాటకు బహువచనం వేసి ఒక దేశం మీద శాంక్షన్స్ విధించారంటే తెలుగు పేపర్లు ఆంక్షలు అని రాస్తాయి. ఒకచోట అనుమతి, ఇంకోచోట శిక్ష. రేపు మీరు బ్యాంకు కౌంటర్‌లో కూర్చుంటే ఈ పదాలతోనే రోజంతా పని. పరీక్ష అయిపోయాక మరిచిపోయే సరుకు కాదిది.

ఇక సినానిమ్స్. పదో తరగతి తెలుగులో పర్యాయపదాలు రాశారు కదా. నీరు, జలం, ఉదకం, తీర్థం. మార్కులు వచ్చాయి. కానీ స్నానానికి తీర్థం కాచమని ఎవరూ అనరు. గుళ్లో పూజారి చేతిలో పోసేది తీర్థమే, అక్కడ 'కాసిని నీళ్లు పోయండి' అనం. గృహం, ఇల్లు, కొంప ఒకటే అయినా శుభలేఖలో కొంపప్రవేశం అని అచ్చువేయరు. 'కొంప మునిగింది'ని 'గృహం మునిగింది' చేస్తే వరదొచ్చిందని అనుకుంటారు. ఒక మాట బదులు ఇంకో మాట పెట్టినప్పుడు అర్థంతో పాటు మర్యాద, కోపం, ప్రేమ, చులకన కూడా మారిపోతాయి.

ఇంగ్లిష్‌లోనూ ఇదే సంగతి. ఫేమస్, నొటోరియస్ రెండింటికీ పీడీఎఫ్‌లో 'ప్రసిద్ధి' అని ఉంటే ఆ పేజీని నమ్మకండి. పేరుగాంచిన డాక్టరు ఫేమస్, పేరుమోసిన రౌడీ నొటోరియస్. చీప్, ఇనెక్స్‌పెన్సివ్ పక్కపక్కన ఇస్తారు. ఇనెక్స్‌పెన్సివ్ అంటే చవక. చీప్ అంటే చవకా అవుతుంది, చవకబారూ అవుతుంది. మాట మీద నిలబడ్డ మనిషి మనకు నచ్చితే ఫర్మ్, నచ్చకపోతే స్టబర్న్. బ్యాంకు పరీక్షల్లో ఒకే పదాన్ని మూడు నాలుగు వాక్యాల్లో పెట్టి ఎక్కడ సరిగా వాడారో చెప్పమని అడుగుతారు. సీజీఎల్ రెండో దశ అయిన టైర్-2 సిలబస్‌లో సినానిమ్స్ పక్కనే హోమోనిమ్స్ అని విడిగా రాసి ఉంటుంది, అంటే ఒకేలా పలికినా, ఒకేలా రాసినా అర్థాలు వేరైన మాటలు. అక్కడ ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కొక్కదానికి 3 మార్కులు, మొత్తం 135. తప్పుకు 1 మార్కు పోతుంది. మీ బలహీనత సరిగ్గా తగిలే చోటు అదే.

ఇప్పుడు ఏం చేయాలో చెబుతాను. కొత్త పీడీఎఫ్ ఏదీ డౌన్‌లోడ్ చేయకండి. ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి, పదానికి ఒక పేజీ. ఏ పదాలు తీసుకోవాలన్న సందేహం వద్దు, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నేర్చుకునేవారికోసం అన్నిటికన్నా అవసరమైన పదాలు ఏరి 'ఆక్స్‌ఫర్డ్ 3000' అనే జాబితా ఇచ్చారు, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీరు బట్టీ పట్టిన 3,000 కన్నా ఈ 3,000 ఎక్కువ పనికొస్తాయి. పేజీ పైన 'ఫెయిర్' అని రాశారనుకోండి. దాని కింద తెలుగు అర్థం రాయొద్దు. ముందు వాక్యాలు రాయండి: బుక్ ఫెయిర్‌కు వెళ్లాం, జడ్జి ఫెయిర్‌గా తీర్పు చెప్పాడు, ఆమెది ఫెయిర్ కాంప్లెక్షన్, ఫెయిర్ అమౌంట్ ఆఫ్ వర్క్ మిగిలింది. ఒక్కో వాక్యం ఎదురుగా తెలుగు రాయండి: ప్రదర్శన, న్యాయంగా, తెల్లని ఛాయ, బాగానే పని. అప్పుడు సినానిమ్ వెతకండి. జడ్జికి ఇంపార్షియల్ సరిపోతుంది, ఛాయకు లైట్, పనికి కన్సిడరబుల్. ఒకే పదానికి వేరువేరు సినానిమ్స్ వచ్చాయి, అవి ఒకదానికొకటి సినానిమ్స్ కావు. తీసిన మాటను వాక్యంలో పెట్టి పైకి చదవండి. చెవికి ఎబ్బెట్టుగా తగిలితే అది కాదు. పేజీ అడుగున 'ఫేర్' అని కూడా రాసుకోండి, బస్సు ఛార్జీ. పలకడం ఒక్కటే, స్పెల్లింగ్ వేరు.

వాక్యాలు మీ సొంత బుర్రలోంచి తీయకండి, మొదట్లో తప్పులు స్థిరపడిపోతాయి. లెర్నర్స్ డిక్షనరీలో, అంటే ఇంగ్లిష్ నేర్చుకునేవారికోసం రాసిన నిఘంటువులో, అర్థాల పక్కన ఉదాహరణ వాక్యాలు ఉంటాయి. ఇంగ్లిష్-తెలుగు యాప్ ఒక్క ముక్కలో అర్థం చెప్పి ఊరుకుంటుంది, దాని మీద ఆధారపడొద్దు. ఇంగ్లిష్ పేపర్ బిజినెస్ పేజీలో రోజూ ఒక్క వార్త చాలు. బ్యాంకు పాస్‌బుక్ వెనక నిబంధనలు కూడా చదవండి, నాకు తెలిసి అంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు. రోజుకు 5 పదాలు, వారానికి 6 రోజులు, ఏడో రోజు పాతవి తిరగేయడం. నాలుగు నెలల్లో 500 పదాలు దాటుతాయి. తక్కువగా అనిపిస్తుంది కానీ, వాటిలో ఒక్కోదానికి మూడు నాలుగు అర్థాలు వేసుకోండి.

ఇంకో లెక్క. సీజీఎల్ టైర్-1లో ఒప్పుకు 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. మీరు 25కి 25 పెట్టి 11 ఒప్పు చేస్తే 22 లోంచి 7 పోయి 15 మిగులుతాయి. ఏ మాత్రం తెలియకుండా పెట్టి తప్పుపోయిన 8 ప్రశ్నలు వదిలేస్తే అవే 19 అవుతాయి. కొత్తగా ఒక్క పదమూ నేర్చుకోకుండా 4 మార్కులు. పదం తెలిసి, వాక్యం తెలియనప్పుడు వదిలేయడం అలవాటు చేసుకోండి.

నాన్నగారి విషయం. ఆయన భయం అర్థమవుతుంది, ఏడాది గడిచింది, ఇంట్లో ఖర్చులుంటాయి. కానీ ఇంగ్లిష్ నుంచి తప్పించుకోవడానికి గ్రూప్స్ దారి కాదు. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లిష్ పేపర్ అర్హత పేపర్‌గా ఉంటుంది, అందులో నెగ్గి తీరాలి. గ్రూప్స్ మీద ఇష్టంతో వెళ్తే వెళ్లండి, భయంతో వద్దు. ఈలోగా మీ బలానికి తగిన పరీక్ష ఒకటుంది, ఐబీపీఎస్ ఆర్‌ఆర్‌బీ, అంటే గ్రామీణ బ్యాంకులు. ఆఫీస్ అసిస్టెంట్ ప్రిలిమ్స్‌లో ఇంగ్లిష్ లేనే లేదు, రీజనింగ్ 40, న్యూమరికల్ ఎబిలిటీ 40 ప్రశ్నలు. రెండూ మీకు వచ్చినవే. మెయిన్స్‌లో ఇంగ్లిష్ లేదా హిందీ 40 మార్కులకు ఉంటుంది, ఆ సమయానికి మీ నోట్‌బుక్ సగం నిండుతుంది. స్థానిక భాష వచ్చి ఉండాలన్న షరతు కూడా మీకు అడ్డు కాదు. దరఖాస్తు పెట్టండి, సీజీఎల్ చదువు ఆపకండి.

మొదటి మూడు పేజీలు ఏవో వేరే చెప్పక్కర్లేదు: గ్రేవ్, నావెల్, స్టిఫ్. స్టిఫ్‌కు నేను అందిస్తాను. స్టిఫ్ నెక్, పట్టేసిన మెడ. స్టిఫ్ కాంపిటీషన్, గట్టి పోటీ. స్టిఫ్ ఫైన్, భారీ జరిమానా. గంజి పెట్టి ఆరేసిన చీర కూడా స్టిఫ్‌గానే ఉంటుంది, అక్కడ మాత్రం మీరు పెట్టిన 'రిజిడ్' దగ్గరగా వస్తుంది. మిగతా రెండు పేజీలూ మీరు నింపి, వచ్చే ఆదివారం మాక్ టెస్టు తర్వాత తప్పుపోయిన ప్రశ్నలతో కలిపి మళ్లీ పంపండి.