ప్రశ్నలు – జవాబులు: నడుముకు తాడు కట్టుకుని వెళ్లిన ఫుట్‌బాలర్

ప్రశ్న: స్కాట్లాండ్ ఫుట్‌బాలర్ ఒకాయన మొదటి ప్రపంచ యుద్ధంలో ఒంటినిండా 40 గాయాలతో ప్రాణాలతో బయటపడి, బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ అందుకున్నాడట. ఎవరాయన? ఇది నమ్మదగ్గదేనా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: నమ్మవచ్చు. పతకం ప్రకటనలోనే ‘సుమారు 40 గాయాలు’ అని ఉంది. ఆయన పేరు విలియం ఆంగస్. 1888లో ఆర్మడేల్‌లో పుట్టాడు, కార్లూక్ ఊరివాడిగా పేరుపడ్డాడు. బొగ్గుగనిలో పనిచేశాడు. 1911లో గ్లాస్గో సెల్టిక్ క్లబ్బులో చేరినా మొదటి జట్టులో నిలదొక్కుకోలేదు. 1914లో అక్కడినుంచి బయటికొచ్చాడు. ‘సెల్టిక్ స్టార్’ అని రాసేవాళ్లు కాస్త ఎక్కువే రాస్తున్నారు. యుద్ధంలో రాయల్ స్కాట్స్ అనే సైనిక రెజిమెంటు 8వ బెటాలియన్‌లో లాన్స్ కార్పొరల్ (చిన్న హోదా).

1915 జూన్ 12, ఫ్రాన్సులోని జివాంషీ. ముందు రాత్రి జరిగిన దాడిలో గాయపడిన లెఫ్టినెంట్ జేమ్స్ మార్టిన్ జర్మన్ కందకం గట్టు పక్కనే పడి ఉన్నాడు. బ్రిటిష్ కందకానికి దాదాపు 70 గజాల దూరం. మార్టిన్‌ది కూడా కార్లూకే. అందుకే ఆంగస్ తానే వెళ్తానన్నాడు. వెళ్తే చావు ఖాయమని పైవాళ్లు చెప్పినా వినలేదు.

అయితే ఇది గుడ్డి తెగింపు కాదు. తనకేమైనా అయితే వెనక్కి లాగడానికి వీలుగా తాడు కట్టుకుని వెళ్లాడు. నేలకు అతుక్కుని పాకుతూ వెళ్లడంతో శత్రువు కంటబడలేదు. అక్కడికి చేరగానే ఆ తాడును మార్టిన్‌కు కట్టాడు. అంటే తన ఆధారాన్ని అతనికి ఇచ్చేశాడు. ఇద్దరూ కదలగానే జర్మన్లకు అలికిడి తెలిసి కాల్పులు, చేతిబాంబులు మొదలయ్యాయి. ఆంగస్ తన ఒంటినే అడ్డుపెట్టి, లాగమని తనవాళ్లకు సైగ చేశాడు. తర్వాత మార్టిన్ వెంట రాకుండా పక్కకు మళ్లాడు. దాంతో గురి ఆయనమీదికి తిరిగింది, మార్టిన్ కందకంలోకి చేరాడు. ఆంగస్ కూడా ఎలాగో పాక్కుంటూ వచ్చిపడ్డాడు. ఎడమ కన్ను పోయింది, కుడి పాదంలో కొంత భాగం పోయింది. ఇక ఆట ఎక్కడిది! ఆగస్టులో ఐదో జార్జి రాజు పతకం అందించాడు. 1959లో కన్నుమూశాడు.

ప్రశ్న: ఆ ఆఫీసరు బతికాడా? (ఖమ్మం)

జవాబు: బతికాడు. ఏటా జూన్ 12న ఆంగస్‌కు అభినందన టెలిగ్రాం పంపేవాడు.

ప్రశ్న: ఒక ఫుట్‌బాల్ జట్టంతా సైన్యంలో చేరిందంటారు, అది ఇదేనా? (తెనాలి)

జవాబు: కాదు, అది ఎడిన్‌బరో జట్టు హార్ట్స్. చేరింది సర్ జార్జి మెక్రే నిలబెట్టిన రాయల్ స్కాట్స్ 16వ బెటాలియన్‌లో. 1914–15 లీగును హార్ట్స్ వరసగా 8 విజయాలతో మొదలుపెట్టింది. నవంబరులో 11 మంది ఆటగాళ్లు ఒకేసారి పేర్లిచ్చారు. ఆ తర్వాత కవాతులు, టీకాలు, వాటి నడుమే మ్యాచ్‌లు! కాళ్లు బరువెక్కాయి. చివరికి 4 పాయింట్ల తేడాతో లీగు సెల్టిక్‌కు పోయింది. 1916 జులై 1న, ఫ్రాన్సులో సోమ్ యుద్ధం తొలిరోజునే హార్ట్స్ ఆటగాళ్లు హ్యారీ వాటీ, డంకన్ కరీ, ఎర్నెస్ట్ ఎలిస్ చనిపోయారు. యుద్ధంలో చనిపోయిన హార్ట్స్ వాళ్లందరి స్మారకంగా 1922లో ఎడిన్‌బరో హేమార్కెట్‌లో పెట్టిన గడియారపు స్తంభం ఇప్పటికీ ఉంది.