గట్టుకు వట్టివేరు

చి. శ్రీనివాస్‌కు పెదనాన్న ఆశీస్సులు.

పై చెలక ఏటా కోసుకుపోతోందని, ఈసారి రాతికట్ట కట్టిస్తానని రాశావు. ఆ డబ్బు ఇప్పుడే తీయకు. ముందు వట్టివేరు నాటు.

ఎండాకాలం తడకలకు, మంచినీళ్ల కుండలో వేసుకోవడానికే అది పనికొస్తుందని చాలామంది అనుకుంటారు. నన్నడిగితే దాని అసలు గొప్పతనం మట్టిని పట్టి ఉంచడంలోనే ఉంది. దాని వేళ్లు పక్కలకు పాకవు, నిటారుగా కిందికి దిగుతాయి. మంచి నేలలో 3 మీటర్లు దాటిపోతాయి. అందుకే పక్క సాలు పంటకు పెద్దగా పోటీ ఉండదు. పైన దుబ్బులు దగ్గరగా కలిసిపోతే వాననీళ్ల జోరు తగ్గి మెల్లగా జారతాయి, మట్టి అక్కడే ఆగుతుంది. ఆగిన మట్టితోనే గట్టు పెరుగుతూ పోతుంది. ఫిజీలో వాలు మీది చెరకు తోటలను 1950ల్లోనే ఇలా కాపాడుకోవడం మొదలుపెట్టారు.

తొలకరి పడి నేల బాగా తడిశాక మొదలుపెట్టు. దుబ్బు తవ్వి రెండు మూడు పిలకల చొప్పున విడదియ్యి. ఆకు జానెడు, వేరు బెత్తెడు ఉంచి మిగతాది కోసెయ్యి. మొక్కకూ మొక్కకూ 10 నుంచి 15 సెంటీమీటర్లు చాలు. సాలు మాత్రం పొలం హద్దు వెంట కాదు, వాలుకు అడ్డంగా ఒకే మట్టంలో పోవాలి. మేస్త్రీలు వాడే లెవెల్ పైపు తెచ్చుకో, కంటితో చూసి వేయొద్దు. మధ్యలో ఒక్క మొక్క చచ్చినా నీళ్లన్నీ ఆ సందులోంచే దూకి గండి కొడతాయి. నెల తిరిగేలోపు సందులన్నీ పూడ్చు. చెట్ల నీడలో వేయకు, అది ఎండ గడ్డి.

మొదటి ఏడాది కలుపు తీసి, బెట్టొస్తే నీళ్లు పెట్టు. తర్వాత అదే చూసుకుంటుంది. ఏడాదికి రెండుసార్లు మోకాలెత్తున కోస్తే దుబ్బు చిక్కబడుతుంది. లేత ఆకు పశువులకు, ముదురుది మామిడి పాదుల్లో పరచడానికి.

వేళ్లకు రేటు బాగుందని ఎవరైనా చెబితే గట్టు మీదవి తవ్వకు, చేసిందంతా వృథా అవుతుంది. అమ్మకానికైతే వాగు పక్క ఇసుక మడిలో విడిగా వేసుకో. 15 నుంచి 18 నెలలకు తవ్వొచ్చు. ఇసుకలో వేరు తెగకుండా వస్తుంది.

నారు కొనొద్దు. మా పెరట్లోది విత్తనం కట్టని రకం, పొలమంతా పాకుతుందన్న టెన్షన్ ఉండదు. వచ్చేటప్పుడు గోనె సంచులు తెచ్చుకో. తడిపి చుట్టకపోతే దారిలోనే వేళ్లు ఆరిపోతాయి.

మీ పెదనాన్న