మొదటి ప్రిఫరెన్సు స్పోర్ట్ సైన్సు, రెండోది రేడియోగ్రఫీ

మొన్న ట్రుగనినాలో తెలిసినవాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. భోజనాల దగ్గర ఒకావిడ నా పక్కన కూర్చుని, "అక్కా, మావాడు యూనివర్సిటీ లిస్టులో స్పోర్ట్ సైన్సు మొదట పెట్టాడు, రేడియోగ్రఫీ రెండోది. మీరు ఆ లైన్లోనే ఉన్నారు కదా, వాడికి కాస్త చెప్పండి" అంది. ఆవిడ భర్త గారె తుంచుతూ, "స్పోర్ట్ సైన్సంటే చివరికి పీఈటీ మాస్టారే కదండీ" అన్నారు. వాళ్లు మెల్‌బోర్న్ వచ్చి మూడేళ్లు, పీఆర్ మీద, అంటే శాశ్వత నివాసం వీసా మీద ఉన్నారు. పిల్లాడు పన్నెండో క్లాసు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో రెండు చదువులూ ఉన్నాయి. నేను రేడియోగ్రాఫర్‌ని, మా పెద్దాడు ఎక్సర్‌సైజ్ సైన్స్, అంటే ఈ స్పోర్ట్ సైన్సే, మూడో ఏడాది. వాడు చేరిన రోజున తెనాలి నుంచి మా అత్తగారు ఫోన్లో ఈ పీఈటీ మాస్టారి మాటే అన్నారు. నా సంగతీ అంతే. సెలవులకి ఊరెళ్తే, "ఎక్స్‌రేలు తీయడానికి నాలుగేళ్లు చదివావా?" అని అడగనివాళ్లు లేరు. మన దగ్గర రెండేళ్ల పారామెడికల్ డిప్లొమాతో చేస్తారు కదా మరి.

ఆస్ట్రేలియాలో ఈ పనికి చట్టం ఉంది. 2012 జులై 1 నుంచి దేశమంతటికీ ఒకే రిజిస్ట్రేషన్. డాక్టర్లనీ నర్సులనీ నమోదు చేసే ఆప్రానే మమ్మల్నీ నమోదు చేస్తుంది. అది లేకుండా రేడియోగ్రాఫర్ అని చెప్పుకోకూడదు. నేను కోర్సు పూర్తి చేసిన ఏడాదే ఇది మొదలైంది కాబట్టి నాకు బాగా గుర్తు. అందుకే ఈ డిగ్రీ అయిపోయిన రోజున మన చేతికొచ్చేది పట్టా ఒక్కటే కాదు, పని చేసుకునే లైసెన్సుకి అర్హత కూడా. స్పోర్ట్ సైన్సు మూడేళ్లు చదివితే పట్టా వస్తుంది, ఎస్సా అనే సంస్థ దగ్గర ఎక్సర్‌సైజ్ సైంటిస్టుగా గుర్తింపు తెచ్చుకోవచ్చు. కానీ చాలామందికి అసలు ఉద్యోగం ఆ తర్వాతి మెట్టు మీద ఉంటుంది. తల్లిదండ్రులు మూడేళ్ల ఫీజుని నాలుగేళ్ల ఫీజుతో పోల్చి ఇదేదో చవక అనుకుంటారు. ఆ రెండో మెట్టుని లెక్కలో కలపరు.

ఏమిటా మెట్టు అంటే, ఫిజియోథెరపీ మాస్టర్స్ రెండేళ్లు, సీటుకి పోటీ గట్టిగా ఉంటుంది. టీచింగ్ మాస్టర్స్ కూడా మామూలుగా రెండేళ్లే, అంటే పీఈటీ మాస్టారు కావాలన్నా ఇక్కడ ఇంకో డిగ్రీ చదవాల్సిందే. మూడోది ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్, దీని గురించే మనవాళ్లకి ఎవరూ చెప్పరు. షుగరు, గుండెజబ్బు, నడుమునొప్పి ఉన్నవాళ్లకి మందులాగా కొలిచి వ్యాయామం రాసిచ్చే మనిషి. ఫ్యామిలీ డాక్టరు దీర్ఘకాల జబ్బుల ప్లాన్ రాసిస్తే మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఏడాదికి 5 సార్లు వెళ్లొచ్చు. ఫిజియో, డైటీషియన్ లాంటివాళ్లందరికీ కలిపే ఆ 5. టైప్ 2 షుగరు ఉంటే గ్రూపు క్లాసులు ఇంకో 8 దాకా. మన వ్రతాలకొచ్చే జనంలో సగంమందికి షుగరు మాత్ర జేబులో ఉంటుంది, తెలుగు మాట్లాడే ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

క్రికెట్ టీంలోనో ఫుట్‌బాల్ క్లబ్బులోనో ఉద్యోగం కావాలనుకుని చేరే పిల్లలే ఎక్కువ. మావాడూ అంతే. ఉన్నవి కొద్ది పోస్టులు, వాటికోసం ఏళ్ల తరబడి పైసా లేకుండా క్లబ్బుల చుట్టూ తిరిగేవాళ్లు ఎందరో. ఆ మాట ముందే చెప్పాను, విన్నాడు, అయినా చేరాడు. సెమిస్టరు నిండా ఎముకలు, కండరాలు, కెమిస్ట్రీ. ల్యాబులో మనిషికి మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తారు, వేగం పెంచుతూ మధ్యమధ్యలో ఆపి చెవితమ్మెకి సూదిగుచ్చి చుక్క రక్తం తీసి లాక్టేట్, అంటే ఒళ్లు శ్రమపడేకొద్దీ రక్తంలో పెరిగే పదార్థం, ఎంతుందో చూస్తారు. మొదటిసారి తనే పరిగెత్తి ఇంటికొచ్చి సోఫాలో పడిపోయి, "అమ్మా, మంచినీళ్లు" అన్నాడు. ఆటలంటే ఇష్టం ఉండి బయాలజీ అంటే చిరాకు ఉన్న పిల్లాడు ఈ కోర్సులో మొదటి ఏడాదే ఇబ్బంది పడతాడు.

ఇక మా లైను. మెడికల్ రేడియేషన్ అనే గొడుగు కింద మూడు పనులు ఉంటాయి. ఎక్స్‌రే, సీటీ తీసేది మేము. లీనియర్ యాక్సిలరేటర్ అనే పెద్ద మెషీన్‌తో క్యాన్సర్‌కి రోజూ కాస్తకాస్తగా రేడియేషన్ ఇచ్చేవాళ్లు రేడియేషన్ థెరపిస్టులు. రక్తంలోకి రేడియో మందు ఎక్కించి ఒంట్లో అది ఎక్కడికి చేరుతుందో ఫొటో తీసేది న్యూక్లియర్ మెడిసిన్. దరఖాస్తులోనే ఏదో ఒకటి తేల్చుకోవాలి. అల్ట్రాసౌండ్ దీనిలోది కాదు, దానికి విడిగా చదవాలి. ఇక్కడ ఆర్‌ఎంఐటీ బండూరాలో మూడూ ఉన్నాయి, మోనాష్‌లో రేడియోగ్రఫీ, రెండుచోట్లా నాలుగేళ్లు.

అందరూ నన్ను గుసగుసగా అడిగేది ఒకటే, "పెళ్లి కావాల్సిన పిల్ల, రేడియేషన్‌లో పెడితే రేపు పిల్లలు పుడతారా?" నాకు పుట్టాడమ్మా, రెండోవాడు ఈ ఉద్యోగంలో చేరాకే. రేడియేషన్‌ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. బయటి మామూలు మనిషికి ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ హద్దు పెట్టారు, మా పనివాళ్లకి ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20. ఛాతీ ఎక్స్‌రే ఒకటి తీయించుకుంటే పేషెంటుకి పడేది సుమారు 0.02. మేము సీసం అద్దం వెనక నిలబడి బటన్ నొక్కుతాం, ఛాతీ మీద బ్యాడ్జి పెట్టుకుంటాం, దాన్ని ఎప్పటికప్పుడు పంపించి కొలిపిస్తారు. నా బ్యాడ్జి రీడింగు చాలాసార్లు లెక్కకి కూడా రాలేదు. కడుపుతో ఉన్నానని చెప్పగానే బిడ్డని బయటి మనిషి కింద లెక్కేసి 1 మిల్లీసీవర్ట్ దాటకుండా పని మారుస్తారు. ఈ ఉద్యోగంలో అరిగేది నడుము, భుజాలు. లేవలేని మనిషిని పక్కకి తిప్పి కింద ఎక్స్‌రే ప్లేటు తోయడం, ఆపరేషన్ థియేటర్‌లో గంటలకొద్దీ లెడ్ ఏప్రన్ వేసుకుని నిలబడటం, వీటి గురించి ఎవరూ అడగరు.

పోయిన శీతాకాలంలో ఓ రాత్రి మూడింటికి ఒక పెద్దావిడని తీసుకొచ్చారు. కొడుకు దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి బాత్రూంలో జారిపడింది, తుంటి విరిగింది. ఇంగ్లిష్ రాదు, ముట్టుకుంటే కేక. "అమ్మా, నేను కాలు కదపను, మీరు ఊపిరి బిగబట్టండి, అంతే" అన్నాను. తెలుగు వినపడగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. చెయ్యి విడిపించుకుంటే తప్ప అద్దం వెనక్కి వెళ్లలేను. ఆ పట్టు మెల్లగా విడిపించి, ఫొటో తీసి, మళ్లీ వచ్చి చెయ్యిచ్చాను. పుస్తకంలో పొజిషన్లు ఉంటాయి, ఇది ఉండదు. జబ్బు మనిషి వాసన, రక్తం, వాంతి పడని పిల్లల్ని మార్కులు వచ్చాయి కదా అని దీంట్లోకి తొయ్యకండి.

ఈ రెండు చదువులూ కలిసే చోటు మనవాళ్లకి బాగా తెలిసిందే. మన సన్‌రైజర్స్‌కి కెప్టెన్సీ చేసిన ప్యాట్ కమిన్స్ 2011లో 18 ఏళ్లకి మొదటి టెస్టు ఆడాడు. రెండోది ఆడింది 2017లో, రాంచీలో. మధ్యలో ఐదేళ్లకి పైగా గాయాలే, ముఖ్యంగా వెన్నులో స్ట్రెస్ ఫ్రాక్చర్. ఆ చీలికని స్కాన్‌లో చూపించేది మా జాతి, మళ్లీ రాకుండా వారానికి ఎన్ని బంతులు వెయ్యాలో లెక్కకట్టేది మావాడి జాతి. ఇంట్లో క్రికెట్ చూస్తూ ఎవరి పని గొప్పదో మేమిద్దరం వాదించుకుంటుంటే మా ఆయన సౌండు పెంచుతారు.

డబ్బు విషయం. పీఆర్ ఉంటే సిటిజన్లతో సమానంగా తక్కువ ఫీజు సీటు వస్తుంది. అది నిజమే. కానీ హెక్స్ అనే ప్రభుత్వ చదువుల లోను మామూలుగా పీఆర్ వాళ్లకి రాదు, ఆ తక్కువ ఫీజు కూడా సెమిస్టరుకి ఇంత అని చేతి నుంచి కట్టాలి. నేను 2009లో చేరినప్పుడు అప్పు ప్రభుత్వానిదేలే అనుకుని నిశ్చింతగా ఉన్నా. ఫారంలో ఏది టిక్ పెట్టానో నాకే గుర్తులేదు, కట్టాల్సిన కాగితం వచ్చాక తెలిసింది. మొదటి సెమిస్టరు మొత్తం మా ఆయన క్రెడిట్ కార్డు మీద వెళ్లింది. కోర్సు మధ్యలో సిటిజన్‌షిప్ వస్తే, సెన్సస్ డేట్ (ఆ సెమిస్టరు ఫీజు ఖాయమయ్యే గడువు తేదీ) లోపు సెరిమనీ అయితే, ఆ సెమిస్టరు నుంచి లోను తీసుకోవచ్చు. అర్హత ఉన్నవాళ్లు సిటిజన్‌షిప్ దరఖాస్తు పక్కన పెట్టకండి. ఇంకోటి, ప్లేస్‌మెంట్లు, అంటే కోర్సులో భాగంగా పని నేర్చుకునే డ్యూటీలు, వారాల తరబడి ఉంటాయి, ఒక్కోసారి వేరే ఊళ్లో, జీతం లేకుండా. 2025 జులై నుంచి ప్రభుత్వం ఇస్తున్న ప్లేస్‌మెంట్ భత్యం టీచర్, నర్సు, మిడ్‌వైఫ్, సోషల్ వర్క్ చదివేవాళ్లకే, మా పిల్లలకి లేదు.

స్టూడెంట్ వీసా మీద ఇండియా నుంచి అప్పు చేసి వచ్చే పిల్లలకైతే నా సలహా సూటిగా ఉంటుంది, రేడియేషన్ వైపే రండి. కోర్సు పేరు చూసి మోసపోవద్దు. ఆప్రా కింద మా లైనుకి ఉన్న బోర్డు వెబ్‌సైట్‌లో ఆమోదించిన కోర్సుల జాబితా ఉంటుంది, అందులో లేకపోతే నాలుగేళ్లు చదివినా రిజిస్ట్రేషన్ రాదు. యూనివర్సిటీ అడిగే ఇంగ్లిష్ స్కోరు వేరు, ఆప్రా అడిగేది వేరు, అదీ ముందే చూసుకోండి. స్పోర్ట్ సైన్సు వైపు వెళ్లినా ఎస్సా జాబితా చూడండి. స్పోర్ట్ మేనేజ్‌మెంట్, కోచింగ్ డిగ్రీలు మామూలుగా దానిలోకి రావు.

వ్రతం భోజనాలకి వస్తే, ఇదంతా అయ్యాక నేను పిల్లాణ్ణి పిలిచి ఒక్కటే అడిగాను, "లిస్టులో వరస ఎలా పనిచేస్తుందో తెలుసా?" తెలియదన్నాడు. పైనుంచి చూసుకుంటూ వస్తారు, నీ మార్కులకి మొదట ఏది అందితే అదే ఇస్తారు, కింద ఉన్నవాటిని ఇక చూడరు. మెల్‌బోర్న్‌లో రేడియోగ్రఫీకి ఏటార్ (పన్నెండో క్లాసు తర్వాత వందకి ఇచ్చే ర్యాంకు) 90ల చుట్టూ కావాలి, స్పోర్ట్ సైన్సు చాలాచోట్ల 60, 70ల్లో వచ్చేస్తుంది. సులువుగా వచ్చేది పైన పెట్టి, కష్టంగా వచ్చేది కింద పెడితే కిందది ఉన్నా లేనట్టే.

వాళ్ల నాన్న గారె పక్కన పెట్టేశారు. "అంటే వీడు ఇప్పటికే తేల్చేసుకున్నట్టా?" అన్నారు.

పిల్లాడు ఫోన్ తీసి లిస్టు తెరిచాడు. "ఫలితాలొచ్చాక మార్చుకోవచ్చా, ఆంటీ?" అన్నాడు. మార్చుకోవచ్చు, డిసెంబరులో, కొద్ది రోజులే టైం ఇస్తారు అన్నాను. ఈలోపు శనివారం మావాడితో నెట్స్‌కి పంపమన్నాను. వాడు అక్కడ బౌలర్ల బంతులు లెక్కపెట్టే పనిలో ఉంటాడు, నాలుగు గంటలు ఎండలో నిలబడి నోట్‌బుక్కు పట్టుకోవాలి. మర్నాడు ఆదివారం మా ఇంటికి భోజనానికి రమ్మన్నాను. శనివారం రాత్రి నాకు డ్యూటీ, నిద్రకళ్లతో ఉంటాను, అదీ చూస్తాడు.