నడుము నొప్పికి చెప్పులూ కారణమేనా?

ప్రశ్న: నా వయసు 44. భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో తడి సిమెంటు నేల మీద రోజంతా గమ్ బూట్లతో నిలబడే పని నాది. కంపెనీ ఇచ్చిన బూట్లు నాకు ఒక సైజు పెద్దవి. ఇంట్లో హవాయి చెప్పులు వేసుకుంటాను. ఏడాదిగా పొద్దున్న మంచం దిగగానే మడమలో సూది గుచ్చినట్టు ఉంటోంది. సాయంత్రానికి నడుము, కుడి మోకాలు లాగేస్తున్నాయి. మెత్తటి చెప్పులు కొంటే తగ్గుతాయా?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: అమ్మా, ఈ మూడు నొప్పులకూ పాదం దగ్గరే సంబంధం ఉండవచ్చు. మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీ ఉంటుంది. గట్టి నేల మీద గంటల తరబడి నిలబడేవారిలో అది మడమ దగ్గర ఒత్తిడికి గురవుతుంది. రాత్రంతా బిగుసుకున్న ఆ పట్టీ తొలి అడుగుతో ఒక్కసారిగా సాగడం వల్లనే మీకు పొద్దున్నపూట అంత నొప్పి. ఆ నొప్పి తగలకుండా మనకు తెలియకుండానే బరువును రెండో కాలి మీదికి నెట్టి, ఒంటిని కాస్త పక్కకు వాల్చి నడుస్తాం కనుక భారం మోకాలికీ, నడుముకీ చేరుతుంది.

పెద్ద సైజు బూటులో అడుగు అడుగుకీ మడమ పైకి లేస్తుంది. హవాయి చెప్పుకు వెనక పట్టీ లేనందువల్ల అది జారిపోకుండా వేళ్లు దాన్ని పట్టుకునే ఉండాలి. కాబట్టి మెత్తదనం కన్నా పట్టు ముఖ్యం. నాట్ల మడిలో కాలు దిగబడితే పిక్కలు ఎంత లాగుతాయో మీకు తెలుసు. అతి మెత్తటి స్పాంజి అట్ట కూడా కొంతవరకు అలాంటిదే. చెప్పును రెండు చేతులతో వంచి చూడండి, వేళ్ల దగ్గర వంగాలి గాని నడిమధ్యన మడత పడకూడదు. వెనక పట్టీ ఉండి, మడమ ఎత్తు అంగుళం మించనివి తీసుకోండి. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కనుక అప్పుడే కొనండి. బూట్లకు సరైన సైజు ఇమ్మని సూపర్‌వైజరును గట్టిగా అడగండి, అది మీ హక్కు.

పాత చెప్పు తిరగేసి చూడండి. మడమ బయటి అంచు కొద్దిగా అరగడం మామూలే. రెండు చెప్పులూ వేర్వేరుగా అరిగినా, లోపలి అంచు బాగా అరిగినా ఎముకల వైద్యునికి చూపించండి.

చెప్పులు మార్చినంత మాత్రాన అంతా పోదు. గోడకు చేతులు ఆనించి, మడమ నేలకు ఆన్చి పిక్కలను సాగదీసే వ్యాయామం రోజూ చేయండి. నొప్పి కాలి కిందికి పాకినా, తిమ్మిరి వచ్చినా, మూత్రంపై అదుపు తప్పినా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: నాకు 61 ఏళ్లు, షుగర్ ఉంది. మోకాళ్లకు మంచిదని కాలువ గట్టు మీద చెప్పుల్లేకుండా నడుస్తున్నాను. సరైనదేనా?
– ఒక పాఠకుడు, కోనసీమ

సమాధానం: నడవండి, కాని చెప్పులు లేకుండా వద్దు. షుగర్ వల్ల స్పర్శ తగ్గిన పాదానికి నత్తగుల్ల కోసినా తెలియదు. ఎం.సి.ఆర్. (షుగర్ ఉన్నవారి పాదాల కోసం వాడే మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు వేసుకుని, గట్టు వాలు మీద కాక నడుమ నడవండి. వాలులో ఒక కాలు కిందికి, ఒకటి పైకి ఉండి నడుము ఒరిగిపోతుంది. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు చూసుకోవడం మరవకండి.