చార్ట్‌లో అందరూ ఉన్నా ఎన్‌సీ ఎందుకొచ్చింది

ఎండీ, చీఫ్ ఇంజినీర్, డిజైన్ హెడ్ అందరూ ఉన్నా విమాన, రక్షణ రంగాల నాణ్యత ప్రమాణం ఏఎస్ 9100 ఆడిటర్ మీ ఆర్గ్ చార్ట్‌కి ఎన్‌సీ (నాన్ కన్ఫర్మిటీ, అంటే నిబంధన పాటించలేదన్న నోటు) రాశారంటే, బహుశా అందులో మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్ (నాణ్యత వ్యవస్థను పర్యవేక్షించే యాజమాన్య ప్రతినిధి) పేరు లేదు. అన్ని రంగాలకూ వర్తించే నాణ్యత ప్రమాణం ఐఎస్ఓ 9001, ఇలాంటి ప్రతినిధి ఉండాలన్న నిబంధనను 2015లో తీసేసింది. ఏఎస్ 9100 మాత్రం 5.3 క్లాజులో అలాగే ఉంచింది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు.

1. యాజమాన్యంలోని ఒకరిని మేనేజ్‌మెంట్ రిప్రజెంటేటివ్‌గా పేరు పెట్టి నియమించండి.

2. అందరూ మరిచేది ఇదే: నాణ్యత సమస్య వస్తే ఎవర్నీ అడక్కుండా నేరుగా ఎండీ దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ ఆయనకుండాలి. నియామక పత్రంలోనే అది రాసేయండి. ప్రొడక్షన్ హెడ్ కింద పెడితే డెలివరీ ఒత్తిడిలో ఆ మాట అక్కడే ఆగిపోతుంది, ఎంత మంచి ఇంజినీర్లున్నా సరే.

3. చార్ట్‌లో ఆయన నుంచి ఎండీకి నేరుగా గీత గీసి, రివిజన్ నంబర్, తేదీ మార్చి ఆడిటర్‌కి పంపండి.